తప్పంతా మణికట్టుదే

పాత వాచీ చైను చేతికి చాలక, దాని అసలు లింకు దొరకడం లేదని వాపోయేవారు ఒక సంగతి గమనించాలి. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. వాళ్లు ఆ రోజు పూర్తి చైనే ఇచ్చారు. మొదట కొన్నాయన మణికట్టు సన్నం కాబట్టి రెండు లింకులు తీయించాడు. ఎప్పుడైనా పనికొస్తాయని సొరుగులో దాచాడు. తర్వాత వాచీ చేతులు మారింది, సొరుగు మారలేదు.

కొత్త లింకు వేయించుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. వాళ్లతో వాదించకూడదు. అసలుదానిలా ఉండేది వేరు, అసలుది వేరు. ఒమేగా కంపెనీ స్పీడ్‌మాస్టర్ వాచీకి పాత 1039 నంబరు చైను ఉందనుకోండి, వాచీ డొక్కుకు (కేసుకు) ఆనుకునే చివరి లింకు మీద 516 అని ఉండాలి. పాత రోలెక్స్ చైను అయితే క్లాస్ప్ (చైనును బిగించే కొక్కెం) లోపల ఏడాదిని చెప్పే అక్షరం వెతకాలి. 1976కి ‘ఏ’, ఆ మరుసటేడు ‘బీ’. అక్కడే ‘ఎస్’ కూడా కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. అది సర్వీసులో మార్చిన భాగం. అంటే సాక్షాత్తూ కంపెనీవాళ్లే వేసినా అసలుది కాదన్నమాట! మడీ ఆచారాల్లో కూడా ఇంత పట్టింపు ఉండదు.

పోనీ చేసినవాళ్లనే అడుగుదామా? వాచీ మీద పేరున్న కంపెనీయే చైను చేసిందన్న గ్యారంటీ లేదు. 1835లో జెనీవాలో మొదలైన గే ఫ్రేర్ అనే సంస్థ రోలెక్స్, పటేక్ ఫిలిప్, జెనిత్‌లకు చైన్లు చేసిపెట్టేది. 1998లో రోలెక్స్ ఆ సంస్థనే కొనేసింది. ఇప్పుడు నిచ్చెన మెట్లలా ఉండే పాత జెనిత్ చైనుకు ఒక లింకు కావాలంటే ఎవరి తలుపు కొట్టాలన్నది వేదాంతులకు వదిలేద్దాం. (1969లో చంద్రుడి దాకా వెళ్లినవాళ్లు స్పీడ్‌మాస్టర్‌ని స్పేస్‌సూట్ మీద వెల్క్రో పట్టీతో కట్టుకున్నారు. పాపం, నంబర్ల పట్టింపు తెలియని మనుషులు.)

నా ప్రతిపాదన ఏమిటంటే, దొరకని లింకు మానేసి ఉన్న మణికట్టును సవరించాలి. డయల్ అసలుది, ముళ్లు అసలువి, చైను అసలుది. ఈ మొత్తంలో తర్వాత వచ్చి చేరిన నకిలీ భాగం మన చెయ్యొక్కటే.

చెయ్యి సన్నబడటం కష్టమంటే అరుగుదలను నమ్ముకోవచ్చు. పాత చైన్లలో చాలావాటికి లింకుల్ని పల్చటి స్టీలు రేకు మడిచి చేసేవారు. చెమటా దుమ్మూ సందుల్లోకి దిగి నల్లటి ముద్దవుతాయి. చెయ్యి కదిలినప్పుడల్లా ఆ ముద్ద పిన్నునూ, అది తిరిగే రంధ్రాన్నీ ఒరుసుకుంటూ తినేస్తుంది. కొన్నేళ్లకు చైనును ఒక కొస పట్టుకుని అడ్డంగా చాపితే నిలవదు, వాడిన తోటకూర కాడలా వాలిపోతుంది. సేకరించేవాళ్లు దీనికి స్ట్రెచ్ అని పేరు పెట్టి ధర తగ్గిస్తారు. ఎంత అన్యాయం! ప్రతి కీలు దగ్గరా వచ్చిన వదులంతా కూడితే కొంత పొడవు ఉచితంగా దక్కినట్టే కదా, అదీ అసలు స్టీలుతోనే.

చేతికే పట్టని చైను అరిగేదెలా అంటారా? సన్నటి చెయ్యున్న మేనల్లుడెవడైనా ఉంటే ఓ ఇరవయ్యేళ్లు పెట్టుకోమని ఇవ్వండి. చెమట బాగా పట్టే కుర్రాడైతే పదిహేనేళ్లు చాలు.