ఐదు నక్షత్రాల పంజర్ వన్ గారికి

మహారాజశ్రీ పంజర్ వన్ గారి సముఖానికి, విశాఖపట్నం మద్దిలపాలెం నుండి మీ సేనాధిపతి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అలవాటు కొద్దీ ఉభయకుశలోపరి అన్నాను గానీ, మీ కుశలం నాకు తెలియనిది కాదు. నిన్న రాత్రి పదకొండున్నర వేళకు నా కంప్యూటరు యుద్ధపుటాటలో మీ జర్మన్ ట్యాంకు దళం బలం పది నుండి మూడుకు పడిపోయింది. పోయిన ఏడింటిని నేను పాత సేవ్ ఫైలును మళ్లీ లోడ్ చేసి బతికించుకోవలసి వచ్చింది. ఈ వారంలో ఇది ఆరోసారి. ఇంట్లో పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు కూడా నేను రాత్రిపూట ఇన్నిసార్లు లేచి చూడలేదని మా ఆవిడ అన్న మాటను మీ దృష్టికి తేవడం నా ధర్మం.

మన క్యాంపెయిన్ 1939 సెప్టెంబరులో పోలండ్ సరిహద్దున మొదలైంది. ఆరుమూలల గడులు పరిచిన ఆ పటం మీద మీతో పాటు బయలుదేరిన దళాలన్నీ, 1994లో వచ్చిన పంజర్ జనరల్ అనే ఆట నాటి నుండి ఈ జాతి ఆటల్లో నడుస్తున్న ఆచారం ప్రకారం, గెలిచినప్పుడల్లా దక్కిన ప్రతిష్ఠ పాయింట్లు చెల్లించి కొత్త బండ్లలోకి మారిపోయాయి. ఒకరు పంజర్ త్రీ అయ్యారు, మరొకరు పంజర్ ఫోర్ అయ్యారు. మిమ్మల్ని మాత్రం నేను మార్చలేదు. కాలం చెల్లిన ట్యాంకు తనకంటే బలమైన ప్రత్యర్థి ముందు ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించాలన్నది నా సంకల్పం. పరీక్ష అనే మాట ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో గమనించారా? పరీక్ష రాసేది మీరు, ఫ్యాను కింద కూర్చున్న ఇన్విజిలేటరును నేను, ప్రశ్నపత్రం తెచ్చేది సోవియట్ ఎర్రసైన్యం.

మీ పుట్టుక చరిత్ర నేను చదివాను. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెర్సాయ్ సంధి జర్మనీకి ట్యాంకులు ఉండరాదని నిషేధించినందువల్ల, మీ పెద్దలు మిమ్మల్ని కాగితాల మీద వ్యవసాయ ట్రాక్టరుగా చూపించారు. కొండ పోరంబోకు కాస్తా కాగితాల్లో జిరాయితీ భూమిగా మారిపోయే కథలు వింటూ పెరిగినవాణ్ణి గనుక నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. పైగా మీ విషయంలో ఆ అబద్ధంలో కొంత నిజం కూడా ఉంది. 1934లో వరుసగా తయారవడం మొదలైన నాటికి మీ బరువు ఐదున్నర టన్నులకు లోపే; లోపల కూర్చునేది ఇద్దరు; వారిలో ఒకరు నడపాలి, రెండవవారు అధికారిగా ఆజ్ఞలివ్వాలి, మళ్లీ ఆ ఆజ్ఞను తామే పాటించి 7.92 మిల్లీమీటర్ల మెషిన్ గన్లు రెండింటినీ పేల్చాలి. ఫిరంగి అన్న ప్రసక్తే లేదు.

ఇక కవచం. అది ఎక్కువలో ఎక్కువ 13 మిల్లీమీటర్లని పుస్తకంలో చదివినప్పుడు నాకు సరిగా అందలేదు. మా అమ్మాయి జామెట్రీ పెట్టెలోని స్కేలు తీసి చేతివేళ్ల మీద పెట్టి చూశాను. అది నా చిటికెన వేలి మందం. ఆ పక్కనే 75 మిల్లీమీటర్ల దగ్గర వేలు పెట్టాను. బొటనవేలు వదిలేస్తే నా అరచేతి వెడల్పు దాదాపుగా సరిపోయింది. అది సోవియట్ కేవీ ట్యాంకు కవచం. చిటికెన వేలిని అరచేతి మీదికి యుద్ధానికి పంపుతున్నానన్న సంగతి నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. తెలిసి కూడా టర్న్ ముగించే బటన్ నొక్కాను.

మీకు హెచ్చరిక అందలేదని చెప్పడానికి వీలులేదు. 1936లో మొదలైన స్పెయిన్ అంతర్యుద్ధంలోనే 45 మిల్లీమీటర్ల ఫిరంగి గల సోవియట్ టీ-26 ట్యాంకులు మీకు ఎదురయ్యాయి. లోపల ఉక్కు పెట్టిన గుళ్లతో, నూట యాభై మీటర్ల లోపు దూరం నుండి, మీరు వాటిని ఛేదించగలిగిన మాట నిజం. అవతలివారు ఆ సంగతి గ్రహించి అంతకంటే దూరంగా నిలబడి కొట్టడం నేర్చుకున్నారు. అంతటితో మీ ప్రతాపానికి తెరపడింది. అక్కడి జర్మన్ ట్యాంకుల అధికారి ఫాన్ థోమా, పట్టి తెచ్చిన ప్రతి టీ-26కు 500 పెసెటాల బహుమానం ప్రకటించాడు. మన సరుకు ఎలాంటిదో తెలిసిన దుకాణదారుడు ఎదుటి కొట్లో సరుకు ఎత్తుకు రమ్మనడం లాంటిది అది. ఆ తరువాత మూడేళ్లకు పోలండ్ మీదికి మిమ్మల్ని 1,400కు పైగా, ఆ మరుసటి ఏడు ఫ్రాన్స్ మీదికి 500కు పైగా పంపారు. మీరు శిక్షణ కోసం తయారైన బండి. అసలు బండ్లు సరిపడా వచ్చేవరకు తాత్కాలికంగా నియమితులు. తాత్కాలికంగా చేరినవారు ఎంతకాలం ఉంటారో ఆఫీసులో ఉద్యోగం చేసే నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆఫీసు మాట వచ్చింది గనుక నక్షత్రాల సంగతి చెబుతాను. యుద్ధం చేసినకొద్దీ దళానికి అనుభవం పెరుగుతుంది, అనుభవం నిండినకొద్దీ నక్షత్రాలు వస్తాయి, ఐదు నక్షత్రాల దళానికి పదికి బదులు పదిహేను బలం వరకు పెంచుకునే హక్కు దక్కుతుంది. మీకు ఐదూ ఉన్నాయి. వార్సా దగ్గర లారీల మీద, ఫ్రాన్స్‌లో లోయిర్ నది దగ్గర తుపాకులు పారవేసిన పదాతి దళం మీద, యుగోస్లావియాలో ఎవరూ కాపలా లేని విమానాశ్రయం మీద దండెత్తి సంపాదించిన నక్షత్రాలవి. మా ఆఫీసులో సీనియారిటీ జాబితా కూడా దాదాపు ఇదే పద్ధతిలో తయారవుతుంది. ఏళ్లు లెక్కపెడతారు గానీ ఆ ఏళ్లలో ఎదురైన ఫైళ్ల బరువు ఎవరూ తూచరు. అనుభవం వల్ల మీ గురి మెరుగుపడింది, ఒప్పుకుంటాను. కేవీ ముఖం మీద ఏ రివెట్టుకు గురిపెడితే ఆ రివెట్టుకే మీ గుళ్లు తగులుతున్నాయి. తగిలి, రాలిపోతున్నాయి.

నిన్నటి సంగతి వివరంగా రాయాలి. 1941 జూన్, లిథువేనియా, నది మీద వంతెన, వంతెన గడిలో ఒకే ఒక కేవీ. దాని పక్క గడిలో మిమ్మల్ని నిలబెట్టి బాణం గుర్తును దాని మీదికి తీసుకువెళ్లగానే, దాడి చేస్తే ఏం జరగవచ్చో చెప్పే చిన్న పెట్టె తెరుచుకుంది. మనకు నష్టం ఏడు, వారికి నష్టం సున్నా. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు వెనక నిలబడి చూస్తూ, "ఇదేటి మావయ్యా, ఆట గెలవడానికా, పాపం దాన్ని సాగనంపడానికా?" అన్నాడు. పరిశోధన అన్నాను. వాడు నవ్వకుండా వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. హుద్‌హుద్ తుఫాను తరువాత కొన్న ఇన్వర్టరు వెంటనే అందుకుంది. మీకు ఆ ఒక్క విరామం కూడా దక్కలేదు.

ఇలాంటి కేవీ ఒకటి నిజంగానే ఉంది. 1941 జూన్ 24న, లిథువేనియాలోని రసేనియాయ్ దగ్గర, జర్మన్ ఆరవ పంజర్ డివిజన్ వారి సరఫరా బాట మీద ఒంటరిగా నిలబడి, ఆ డివిజన్‌లోని ఒక యుద్ధ బృందాన్ని అది రోజంతా అడ్డగించింది. 50 మిల్లీమీటర్ల గుళ్లు తగిలి ఎగిరిపోయాయి. దాని మీదికి తెచ్చిన మొదటి 88 మిల్లీమీటర్ల ఫిరంగిని అదే పేల్చివేసింది. చివరికి మరునాడు, చెక్ దేశపు పాత 35టీ తేలిక ట్యాంకులు చెట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ దాని దృష్టిని తమ వైపు తిప్పుకోగా, ఇంకొక 88 ఫిరంగిని చాటుగా వెనకకు తెచ్చి కొట్టారు. అందులో మరణించిన సిబ్బందిని జర్మన్ సైనికులే గౌరవంగా పాతిపెట్టారు.

అది చదివిన తరువాత నాకు జ్ఞానోదయం అయింది. కంప్యూటరు సేనాని ఎప్పుడూ అందుబాటులో ఉన్న అతి బలహీన దళం మీద పడతాడు. మీకంటే బలహీనులు పటం మీద లేరు. మిమ్మల్ని వంతెనకు కొంచెం ఎడంగా నిలబెట్టాను. మా ఫిషింగ్ హార్బరులో గాలానికి రొయ్య గుచ్చేవాడు రొయ్య చేపను గెలుస్తుందని గుచ్చడు కదా. కేవీ వంతెన దిగి మీ మీదికి వచ్చింది, ఏడు బలం పోయింది, అడవి గడిలో దాగిన 88 ఫిరంగి దాని పక్కటెముకల్లో కొట్టింది. విజయం దక్కింది. నక్షత్రం 88 ఫిరంగికి వచ్చింది. లోడ్ చేయకుండా ముందుకు సాగి ఉంటే పరిశోధన అక్కడితో నిజాయితీగా ముగిసేది, నాకు మనసొప్పలేదు.

పాతదనం వల్లనే మీకు ఈ గతి పట్టిందని నేను అనడం లేదు, అది అన్యాయం అవుతుంది. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో మన డెక్కన్ హార్స్ రెజిమెంటు నడిపినవి రెండవ ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. ఎదుట వచ్చినవి అంతకంటే కొత్తవి, 90 మిల్లీమీటర్ల ఫిరంగి గల పాటన్ ట్యాంకులు. నీళ్లు వదిలిన పొలాల్లో పాటన్లు కూరుకుపోతుంటే, చెరకు తోటల చాటున గుర్రపు నాడా ఆకారంలో కాచుకున్న షెర్మన్లు, సెంచూరియన్లు దగ్గరకు రానిచ్చి పక్కల నుండి కొట్టాయి. పాకిస్తాన్ అక్కడ వంద దరిదాపుల్లో ట్యాంకులు పోగొట్టుకుంది. నేను దాన్ని కూడా అనుకరించాను. మిమ్మల్ని బురద గడి ఒడ్డున, చెట్ల చాటున, మూడు వైపులా కాపు పెట్టించాను. సోవియట్ టీ-34 ట్యాంకు అనుకున్నట్టే బురదలోకి వచ్చింది, పక్క చూపించింది, మీరు అనుకున్నట్టే మొదట పేల్చారు. షెర్మన్‌కు వయసు మీరినా పేల్చడానికి ఫిరంగి ఉందన్న చిన్న సంగతిని నేను లెక్కలో వేసుకోలేదు.

మా బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడు ఇసుక మీదికి ఎక్కింది. పిల్లలు టికెట్టు కొని, తల వంచుకుని, ఒక తలుపు నుండి ఇంకొక తలుపుకు దాటుతారు. దాన్ని మళ్లీ నీళ్లలోకి దింపి ఇప్పటి శత్రువు ముందు ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని ఏ సందర్శకుడూ అనగా నేను వినలేదు. మీ తోటివారిలో కూడా అదృష్టవంతులు ఉన్నారు: కొందరి టరెట్ (పైన తిరిగే తుపాకుల గూడు) తీసి 47 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు, కొందరిని మందుగుండు మోసే పనికి మార్చారు. వారికి దొరికిన అధికారికి ఆ మాత్రం ఇంగితం ఉంది.

అందుకని ఈ ఉదయం కాఫీ తాగుతూ మీకు పదవీ విరమణ ఇచ్చి, నక్షత్రాలు పోకుండా పంజర్ ఫోర్‌లోకి మార్చాలని నిశ్చయించుకున్నాను. కొనుగోలు తెర తెరిచాను. పాయింట్లు చాలలేదు. పాల లెక్క రాసే నోటుబుక్కు వెనక పేజీలో కూడి చూస్తే, అనుభవం తగ్గకూడదని ప్రతి యుద్ధం తరువాత మీ దళానికి ఖరీదైన ఆరితేరిన సిబ్బందినే నింపుతూ వచ్చినందుకు, రెండు పంజర్ ఫోర్లు వచ్చేంత ఖర్చు ఇప్పటికే మీ మీద అయిపోయింది. మా నాన్నగారి పాత స్కూటరు విషయంలోనూ సరిగ్గా ఇలాగే జరిగింది.

కనుక తమరు మరొక యుద్ధం వరకు విధుల్లో కొనసాగవలసిందిగా మనవి. ప్రస్తుతం మీ బలం పది.

ఇట్లు,
మీ సేనాధిపతి

తా.క.: స్మోలెన్స్క్ పటం తెరుచుకుంది. మీ ఎదుట రెండు కేవీలు ఉన్నాయి. 88 ఫిరంగి ఇంకా నాలుగు గడుల వెనక ఉంది, నెమ్మదిగా వస్తోంది.