108 సెక్షన్ల చట్టం, పదేళ్ల గొడవ.. చదివిందెవరు?

విభజన చట్టంలో ప్రత్యేక హోదా ఉందా? ఎవరినైనా అడిగి చూడండి. "ఎందుకు లేదు? చట్టంలోనే రాశారు, ఇవ్వకుండా మోసం చేశారు" అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. లేదండీ. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014లో 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్నాయి. ఎక్కడా ఆ మాట లేదు. హోదా ఉన్నది 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో. అయిదేళ్లకే అన్న సంగతీ అందులోనే ఉంది.

వెంటనే నా మీదకి రాకండి. సభలో ప్రధాని ఇచ్చిన మాట నీటి మూట అయితే అది అన్యాయమే. కానీ చట్టంలో రాసింది అమలు చేయకపోవడం ఒక తప్పు, రాయాల్సింది రాయకుండా నోటిమాటతో సరిపెట్టడం ఇంకో తప్పు. మొదటిదానికి అడగాల్సిన మనుషులు వేరు, రెండోదానికి వేరు. మనం రెండింటినీ ఒకే ముద్దగా కలిపేసి, పదేళ్లు ఆవేశపడి, చివరికి ఎవరినీ సరిగ్గా నిలదీయలేకపోయాం.

ఈ గోల ఇప్పుడెందుకంటే, డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల సీజన్ వస్తే చాలు, "జనంలో చదివే అలవాటు పోయింది" అని ఒక సామూహిక ఏడుపు మొదలవుతుంది. నవలలు చదవట్లేదు, కవిత్వం కొనట్లేదు, అంతా ఫోన్లే. నాకు ఆ ఏడుపు సగమే నిజం అనిపిస్తుంది. జనం చదవకపోవడమేంటి? పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి ఫోన్ మొహం మీద పడేదాకా చదువుతూనే ఉన్నారు. థంబ్‌నెయిల్స్, స్క్రోలింగులు, ఫార్వర్డ్‌లు, స్క్రీన్‌షాట్లు, బ్రేకింగులు. పోయింది వేరే. ఒక వాక్యాన్ని మొదలుపెట్టి, దాని షరతులతో సహా చివరిదాకా వెళ్లి, "అయితే దీనర్థం ఏంటి" అని అక్కడే కాసేపు ఆగడం పోయింది. దానివల్ల నష్టం నవలలకే అనుకుంటే పొరపాటు. మన నీళ్లు, మన రాజధాని, మన సీట్లు అన్నీ అలాంటి వాక్యాల్లోనే ఉన్నాయి.

ఉదాహరణకి 26వ సెక్షన్. ఏపీ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచాలని అందులో ఉంది. 2014 నుంచి ప్రతి ఎన్నికల ముందూ ఈ వార్త ఒక రౌండ్ కొడుతుంది. "ఈసారి ఖాయం" అంటారు. కొత్త నియోజకవర్గాల జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతాయి. టికెట్ మీద ఆశ ఉన్నవాళ్లు మండలాలు కూడా పంచేసుకుంటారు. ఇంతకీ ఆ సెక్షన్ ఎలా మొదలవుతుందో తెలుసా? "రాజ్యాంగంలోని 170వ అధికరణం నిబంధనలకు లోబడి" అని. ఏదో కింద చిన్నక్షరాల్లో కాదు, మొదటి వాక్యం మొదట్లోనే.

సరే, 170 తీస్తే ఏముంది? 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల వివరాలు వెలువడేదాకా రాష్ట్రాల అసెంబ్లీల మొత్తం సీట్లు మార్చనక్కర్లేదు అని ఉంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడికి 2019కి ముందు సీట్లు పెరగవని, 2024కి ముందూ పెరగవని 2014లోనే తెలిసిపోయి ఉండాలి. రాజ్యాంగం మారిస్తే తప్ప పెరగవు. పదేళ్ల ఊహాగానాలకి పది నిమిషాల చదువు సరిపోయేది.

"మరి కశ్మీర్‌లో పెంచారుగా, మనకెందుకు పెంచరు?" అని అడిగినవాళ్లు ఉన్నారు. మంచి ప్రశ్నే. జవాబు కూడా అదే అధికరణంలో ఉంది. 170 రాష్ట్రాల అసెంబ్లీల గురించి మాట్లాడుతుంది. జమ్మూ కశ్మీర్ 2019లో కేంద్రపాలిత ప్రాంతం అయిపోయింది, దానికి 170 వర్తించదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, ఇదే ప్రశ్నతో వేసిన పిటిషన్‌ని కొట్టేస్తూ చెప్పిందీ ఇదే. కోర్టు కొత్తగా ఏదో కనిపెట్టలేదు, ఉన్నది చదివింది.

ఇంకా రుచి చూడాలంటే పదమూడో షెడ్యూల్‌కి రండి. రెండు రాష్ట్రాలకీ కేంద్రం ఏమేం ఇవ్వాలో ఉన్న జాబితా అది. మనం దాన్ని "విభజన హామీలు" అని ఒకే గాటన కట్టేశాం. దగ్గరగా చూస్తే అక్కడ రెండు రకాల వాక్యాలున్నాయి. దుగరాజపట్నంలో మేజర్ పోర్టు విషయంలో కేంద్రం "అభివృద్ధి చేయాలి" అని, మొదటి దశ 2018 చివరికి అని రాశారు. తెలంగాణలో 4000 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని కేంద్ర విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ "నెలకొల్పాలి" అన్నారు. కడప ఉక్కు దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోయింది. ఆరు నెలల్లోగా కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ "సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి", అంతే. ఖమ్మం జిల్లా ఉక్కు ఫ్యాక్టరీకీ అదే మాట. విశాఖ రైల్వే జోన్ అని మనం అనుకునేదానికి చట్టంలో విశాఖ పేరే లేదు, ఏపీలో కొత్త జోన్ సంగతి ఆరు నెలల్లో పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని ఉంది. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీదీ అదే కథ, కాజీపేట ఊసు లేదు.

చూశారా, ఎంత తెలివిగా రాశారో! "కట్టాలి" అన్నచోట కట్టాలి, "చూడాలి" అన్నచోట చూస్తే చాలు. ఇది చదివితే కోపం తగ్గిపోతుందని కొందరి భయం. నాకైతే పెరిగింది, కాకపోతే సూటిగా పెరిగింది. "ఉక్కు ఫ్యాక్టరీ ఇస్తామన్నారుగా" అని అరిస్తే ఢిల్లీలో కూర్చున్న అధికారి నవ్వుకుంటాడు, వాళ్లు అలా అనలేదు మరి. "ఆరు నెలలన్నారు, అంటే 2014 డిసెంబర్ మొదట్లోనే గడువు అయిపోయింది, ఆ రిపోర్టు ఏది, అందులో ఏం రాశారు?" అని అడిగితే నవ్వలేడు. ఆరు నెలల్లో పరిశీలించమన్న రైల్వే జోన్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. దుగరాజపట్నం గడువు 2018తోనే చచ్చిపోయింది, పోర్టు రాలేదు. ఆ వాక్యంలో "పరిశీలన" అనే దొడ్డిదారి లేదు కాబట్టి గట్టిగా పట్టుకోవాల్సింది దాన్నే. మనం పట్టుకోలేదు. చట్టంలో లేనిదాని కోసం గొంతు చించుకుని, తేదీతో సహా ఉన్నదాన్ని వదిలేశాం.

దీనికంతా ఫోనే కారణం అంటే నేను ఒప్పుకోను. ఫోన్ నిన్నగాక మొన్న వచ్చింది. మనల్ని ముక్కలుగా చదవడానికి తయారు చేసింది మన చదువులే. టెన్త్‌లో బిట్ పేపర్, దానికోసం బిట్ బ్యాంకులు. తెలుగు పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం ఉండేవి. ప్రతిపదార్థం అంటే ఒక్కో పదం దగ్గరా ఆగి చూడమనే, అంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది? మనమేం చేశాం? గైడులో తాత్పర్యం నాలుగు లైన్లు బట్టీ కొట్టి పద్యాన్ని వదిలేశాం. ఇంటర్‌లో టెక్స్ట్ పుస్తకం పోయి "మెటీరియల్" వచ్చింది. ఆ పైన ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్న పూర్తిగా చదివేవాడు వెనకబడతాడు, ఆప్షన్లు చూసి రెండు కొట్టేసేవాడు ర్యాంకు కొడతాడు. పద్నాలుగేళ్ల నుంచి పిల్లాడికి ఇదే నేర్పి, పాతికేళ్లకి వాడు పెద్ద వ్యాసం చదవట్లేదని బాధపడటం మనకే చెల్లింది.

మా మేనల్లుడు గ్రూప్ 2కి చదువుతున్నాడు. పొద్దున ఎనిమిదింటికి గ్రంథాలయంలో కుర్చీ పట్టుకుంటే రాత్రికి ఇంటికొస్తాడు. కష్టపడే పిల్లాడు, ఒక్క మాట అనడానికి లేదు. విభజన వాళ్ల సిలబస్‌లో ఉంది. "ఉమ్మడి రాజధాని ఏ సెక్షన్ రా?" అని అడిగాను. నేను ప్రశ్న ముగించేలోపే "సెక్షన్ 5 మామయ్యా, పదేళ్లకు మించకుండా" అన్నాడు. "పదమూడో షెడ్యూల్?" అంటే "విద్యాసంస్థలు, మౌలిక వసతులు" అన్నాడు. "5లో రెండో భాగం ఏం చెబుతుంది?" అంటే తల గోక్కుని "అది బిట్‌గా రాదు మామయ్యా" అన్నాడు. ఆ గడువు తర్వాత హైదరాబాద్ తెలంగాణ రాజధాని అవుతుంది, ఆంధ్రప్రదేశ్‌కి ఒక కొత్త రాజధాని ఉంటుంది అన్నది ఆ రెండో భాగం. మూడు రాజధానుల కేసులో లాయర్లు కుస్తీ పట్టిన వాక్యాల్లో అదొకటి, "ఒక రాజధాని అంటే ఒకటేనా" అని. రాష్ట్రాన్ని కుదిపేసిన వాక్యం పోటీ పరీక్షకి పనికిరాదు! వాడి తప్పేం లేదు. ఉన్న కాసిన్ని పోస్టులకి లక్షల మంది పోటీ పడుతుంటే ఆగి ఆలోచించే తీరిక ఎవడికుంటుంది? కానీ ఈ చట్టం గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లకి కూడా అది బిట్లుగానే తెలుసు. రేపు ఆఫీసుల్లో కూర్చుని జీవోలు రాసేది వీళ్లే.

   

ఇక కొత్త జబ్బు, ఏఐ సారాంశాలు. "యాభై అరవై పేజీలు ఎవడు చదువుతాడు, దాంట్లో పెడితే పది పాయింట్లు ఇచ్చేస్తుంది" అని మొన్న ఒకాయన నాకు హితబోధ చేశాడు. పద్యం వదిలేసి తాత్పర్యం బట్టీ పట్టినవాళ్లం, మనకిది కొత్తేం కాదు. చిక్కేంటంటే ఏ సారాంశంలోనైనా ముందు రాలిపోయేది షరతే. "సీట్లు 225, 153కి పెంపు" అన్నది పాయింట్ అవుతుంది, "లోబడి" అన్నది కత్తిరింపులో పోతుంది. మనిషి చేసినా అంతే, మెషీన్ చేసినా అంతే. అసలు చట్టాలు రాసేవాళ్ల తెలివంతా ఆ షరతుల్లోనే ఉంటుంది. లోన్ అగ్రిమెంట్ అయినా, ఇన్సూరెన్స్ పాలసీ అయినా, ఫ్లాట్ సేల్ అగ్రిమెంట్ అయినా మనల్ని ముంచేది "అయితే", "మినహా", "లోబడి" ఉన్నచోటే.

"అది లాయర్ల ఇంగ్లిష్, మాకేం అర్థమవుతుంది" అనేవాళ్లకి ఒక మాట. పల్లెలో పెద్దాయన అంటే ఒప్పుకుంటా. పిల్లల్ని లక్షలు పోసి ఇంగ్లిష్ మీడియంలో చదివించి, అమెరికా ఆఫీసులకి రోజంతా ఇంగ్లిష్‌లో మెయిళ్లు కొట్టే మనం అంటే ఒప్పుకోను. నేనూ లాయర్ని కాదు. ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో చట్టం ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో అయితే మధ్యలో ఏదో ఒకటి టింగుమంటుంది. పెన్సిల్ పట్టుకోండి. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పట్లోగా, ఏ షరతు మీద అన్న నాలుగింటి కింద గీత గీయండి. వేరే సెక్షన్ నంబరు కనబడితే బద్ధకించకుండా అక్కడికి వెళ్లి చూసి రండి. అర్థం కాని వాక్యాన్ని పైకి చదవండి, చెవికి తగిలితే సగం చిక్కు విడిపోతుంది. మొత్తం ఒకేసారి చదవక్కర్లేదు. అందులో చాలా భాగం కోర్టులు, ఉద్యోగులు, ఆస్తులు, అప్పుల పంపకాలే. మీకు ఏ విషయం మీద ఆవేశం వస్తుందో ఆ సెక్షన్‌తో మొదలుపెట్టండి. పోలవరం అయితే 90, కొత్త రాజధానికి కేంద్రం సాయం అయితే 94.

ఇంత తొందరపెట్టడానికి కారణం ఉంది. జనాభా లెక్కలకి ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. ఆ వివరాలు వెలువడితే 2026 గడువు షరతు తీరిపోతుంది, 26వ సెక్షన్‌కి మళ్లీ ప్రాణం వస్తుంది. దాంతోపాటు లోక్‌సభ సీట్ల పంపకం. దక్షిణాదికి ఇన్ని తగ్గుతాయి, ఉత్తరాదికి ఇన్ని పెరుగుతాయి అంటూ రంగురంగుల పట్టికలు ఇప్పటికే మన గ్రూపుల్లోకి వచ్చేశాయి. అలాంటిది వస్తే పంపినవాళ్లని రెండే అడగండి. మొత్తం సీట్లు 543 దగ్గరే ఉంచి వేసిన లెక్కా, పెంచి వేసిన లెక్కా? ఏ ఏడాది జనాభాతో వేశారు? ఆ రెండూ చెప్పలేకపోతే 81, 82 అధికరణాలు చదివి వచ్చాకే మాట్లాడదామనండి. రెండూ కలిపినా మీ ఫ్లాట్ అగ్రిమెంట్ కంటే చిన్నవే.