విమాన దూరం గారికి ఒక విన్నపం

విమాన దూరం గారికి, నమస్కారాలు.

ఓ మూలనున్న చిన్న విమానాశ్రయం నుంచి ఇంకో మూలనున్న చిన్న విమానాశ్రయానికి ఎంత దూరం అని ఇంటర్నెట్‌లో మిమ్మల్ని అడగడమే ఆలస్యం, 1,400 కిలోమీటర్లు, 2 గంటల 15 నిమిషాలు అని తడుముకోకుండా చెప్పేస్తారు. ఆ ధీమా చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కటే సందేహం. ఆ రెండింటి మధ్య అసలు విమానమే లేదని మీకెవరూ చెప్పలేదా?

మీ లెక్క ఎలా చేస్తారో కనుక్కున్నాను లెండి. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నున్నటి బంతి అనుకుంటారు (నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, తేడా మహా అయితే అర శాతం, క్షమించేశాం), దాని మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య అతి దగ్గరి దారి గీసి, వచ్చిన దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ పెద్ద మనసుతో ఓ అరగంట పడేస్తారు. గణితంలో తప్పేం లేదు. ఆ గీత మీద ఎవరూ ప్రయాణించరు, అంతే.

చిన్న రన్‌వేల మీదికి వచ్చేది చాలాచోట్ల టర్బోప్రాప్, అంటే రెక్కల దగ్గర పంకాలు తిరిగే విమానం. ఏటీఆర్ లాంటివి గంటకు 500 కిలోమీటర్ల దగ్గర్లో ఎగురుతాయి, మీ 800 వాటికి కల్లో మాట. పోనీ అదైనా నేరుగా తీసుకెళ్తుందా అంటే, ముందు ఓ పెద్ద విమానాశ్రయంలో దింపుతుంది, అదేమో మనం వెళ్లాల్సిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది. ముక్కు ఏదంటే తల చుట్టూ తిప్పి చూపించడం. రెండు మూలల మధ్య రోజూ విమానం నిండేంత జనం ఉండరు కాబట్టి అందర్నీ ఒకచోట పోగేసి పంచడం సంస్థలకు గిట్టుబాటు, వాళ్లను అనలేం. కానీ మొదటి విమానం ఆలస్యమై, రోజుకొక్కటే ఉన్న రెండోది వెళ్లిపోతే? అసలు అంతా సవ్యంగా జరిగినా, టికెట్ మీద చేరే సమయం ఉదయం 6:40 అని సంబరపడేలోపు, దాని భుజం మీద చీమంత సైజులో +1 కనిపిస్తుంది. అంటే మర్నాడు. ఆ +1ని మీరెప్పుడైనా చూశారా?

గాలి సంగతీ మీకు పట్టదు. మధ్య అక్షాంశాల్లో పడమర నుంచి తూర్పుకు చాలా ఎత్తులో జోరుగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి వెనక నుంచి తోస్తే ఒక లెక్క, ఎదురొస్తే ఇంకో లెక్క, మీకు మాత్రం పోనూ రానూ ఒకటే. 2022లో రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడ్డాక, హెల్సింకీ నుంచి టోక్యోకి 9 గంటల చిల్లర పట్టేది కాస్తా 13 గంటల దాకా పోయింది. మీరు ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. నిలకడంటే మీదేనండీ!

విమాన సంస్థలే నయం. ఈ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా బ్లాక్ టైమ్ అని లెక్కేస్తాయి, అందులో ఆలస్యాలకు కూడా కాస్త కలిపి పెట్టుకుంటాయి. తర్వాత, సమయానికంటే ముందే దించేశామని మైకులో గొప్పలు చెప్పుకుంటాయనుకోండి, అది వేరే లేఖ.

నా బాధల్లా చుట్టాలతో. మీ అంకె చూసి, "రెండుంబావు గంటలేగా, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటావు" అంటున్నారు. కాబట్టి ఇకనుంచి సమయం చెప్పే ముందు "విమానం ఉంటే" అని ఒక్క ముక్క కలపండి. అంతవరకూ వాళ్ల ఫోన్లు మీరే ఎత్తండి.

ఇట్లు,
గేటు మారిందని ఇప్పుడే తెలిసిన ఓ ప్రయాణికుడు