కోపం మీద ఉన్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టకండి

ఉప్పునీటి అక్వేరియం పెట్టి దెబ్బతిన్న మనిషికి చుట్టూ ఉన్నవారు చెప్పే మాట ఒక్కటే: "ఓపిక పట్టండి." మాటలో తప్పు లేదు కానీ, దేని విషయంలో పట్టాలో, ఎంతకాలం పట్టాలో చెప్పని ఓపిక వల్ల ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. నేను చూసినంతలో, మొదటి దెబ్బకే కుప్పకూలిన మెరైన్ ట్యాంకులు తక్కువ. ఆ దెబ్బ తగిలిన రాత్రి భయంతోనో, కసితోనో, పెట్టిన డబ్బు గుర్తొచ్చో యజమాని చేసిన పనులకు కుప్పకూలినవే ఎక్కువ. నాచు పట్టిందని ఒక సీసా మందు పోస్తారు, అది పోలేదని ఇంకో సీసా పోస్తారు, మర్నాడు చేప మేత ముట్టలేదని లవణీయత సరిచూడకుండానే సగం నీళ్లు మార్చేస్తారు. నాలుగో రోజుకు అసలు రోగమేదో, మందు తెచ్చిపెట్టిన రోగమేదో ఎవరూ తేల్చలేరు.

ఈ విసుగుకు మూలం ట్యాంకు నిదానంలోనే ఉంది. ఇవాళ చేసిన పనికి ఫలితం వారాల తరువాత కనబడుతుంది. ఇవాళ కనబడుతున్న దానికి కారణం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. కొత్త ట్యాంకులో చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ నీళ్లు తేటగానే ఉంటాయి కాబట్టి, టెస్ట్ కిట్ చూపించే అంకెను పక్కనపెట్టి కంటిని నమ్మి, రెండో వారంలోనే చేపలను దింపేవారు ఉన్నారు. దింపమని చెప్పే దుకాణాలూ ఉన్నాయి. ఆ తరువాత ఇసుక మీద గోధుమరంగు డయాటమ్‌లు (కంటికి ఆనని సూక్ష్మ నాచు), వాటి వెనుకే ఆకుపచ్చటి పీచునాచు, ఎర్రటి జిగురు పొరగా సయనోబ్యాక్టీరియా వరుసకడతాయి. దాదాపు ప్రతి కొత్త ట్యాంకూ ఏదో ఒక రూపంలో ఈ దశను దాటవలసిందే. మనం ఫోనులో చూసి మనసు పారేసుకునే నీలి వెలుగుల ట్యాంకులు కూడా దీన్ని దాటి వచ్చినవే, కాకపోతే ఆ నెలల ఫొటోలను ఎవరూ పెట్టరు.

కోపం ఎలా ఎదురుతిరుగుతుందో చూడాలంటే డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులను చూడాలి. మధ్యాహ్నానికి ఇసుక మీద, రాళ్ల మీద చీమిడిలాంటి గోధుమరంగు తీగలు సాగుతాయి, వాటి కొసల్లో చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకొని ఉంటాయి. రాత్రి లైట్లు ఆరిపోయాక చాలావరకు మాయమై, మర్నాడు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. చూసినవాడు దాన్ని మురికి అనుకొని మేత తగ్గిస్తాడు, నీళ్లు మారుస్తాడు, ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలు రెట్టింపు చేస్తాడు. అయితే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకులలోనే ఇవి తరచుగా విజృంభిస్తాయి, ఎందుకంటే వీటితో పోటీపడవలసిన నాచులు, బ్యాక్టీరియా తిండిలేక వెనకబడిపోతాయి. అలాంటి చోట చేయవలసింది ఆ రెండు పోషకాలనూ కాస్త పైకి రానివ్వడం. కడిగేకొద్దీ పెరిగే మురికిని చూస్తే ఎవరికైనా పిచ్చెక్కుతుంది, ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. టెస్ట్ కిట్ అరలో ఉండగా గుళికల డబ్బా మీదికి చెయ్యి పోవడాన్ని మాత్రం తప్పుపడతాను.

దీనికంటే క్రూరంగా మోసం చేసేది తెల్లమచ్చల రోగం. మెరైన్ ఇక్ అని అందరూ పిలిచే ఈ రోగాన్ని తెచ్చేది క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే పరాన్నజీవి. ఈ రోగం త్వరగా పట్టే టాంగ్ అనే చేప రెక్కల మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు లేస్తాయి, చేప రాతికి ఒళ్లు రుద్దుకుంటుంది, మొప్పలు వేగంగా ఆడతాయి. యజమాని చేతికి అందిన మందేదో పోస్తాడు. కొద్ది రోజుల్లో చుక్కలు రాలిపోయి చేప మళ్లీ మేతకు వస్తే, మందు పనిచేసిందని ఊరంతా చెప్పుకుంటాడు. నిజానికి ఆ పురుగు చేప ఒంట్లో 3 నుంచి 7 రోజులు తిని, తనంత తానే ఊడిపడి, ఇసుక మీదో రాతి మీదో గట్టి గూడు కట్టుకొని, అందులో చీలి చీలి వందల సంఖ్యలో బయటికి వస్తుంది. రెండో విడత వచ్చిపడినప్పుడు చేపకు తట్టుకునే సత్తువ ఉండదు, మనిషికి తట్టుకునే మనసూ ఉండదు. నమ్మదగిన దారి ఒకటుంది: చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి తీసి, కొలత తప్పకుండా రాగి మందుతో చికిత్స చేస్తూ, అసలు ట్యాంకులో ఆ పురుగు తిండి దొరక్క చచ్చేలా దాన్ని దాదాపు 76 రోజులు చేపలు లేకుండా వదిలేయడం. ఆ రాగిని అసలు ట్యాంకులోనే గుమ్మరిస్తే రొయ్యలు, నత్తలు, కోరల్స్ (పగడాలు) పోతాయి, రాళ్లు దాన్ని పీల్చి దాచుకుంటాయి. ఓపిక అనే సలహాకు ఒక కొలత కావాలంటే ఆ 76 రోజులే కొలత. ఖాళీ ట్యాంకుకు లైటు వేసి, పంపు నడిపి, నీళ్లు మార్చడం ఎంత బోడిగా ఉంటుందో పడినవారికే తెలుసు.

మన వేసవి సంగతి వేరే చెప్పాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్ వచ్చిందంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేని ట్యాంకు 30 డిగ్రీలు సులువుగా దాటుతుంది, నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సరిగ్గా అలాంటి రాత్రే కరెంటు పోతుంది. గోదావరి జిల్లాల రొయ్యల రైతు ఈ విషయంలో మనకంటే చాలా ముందున్నాడు: రాత్రివేళ చెరువులో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుందని అతనికి తెలుసు కాబట్టి ఏరేటర్లతోపాటు జనరేటర్ కూడా సిద్ధంగా ఉంచుకుంటాడు, కరెంటు ఆఫీసును తిడితే తిడతాడు కానీ ఆ తిట్టు మీద పంటను వదిలిపెట్టడు. లక్షలు పోసి లైట్లు కొన్న అభిరుచిదారుల ఇళ్లలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు లేకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఓదార్పు పేరుతో నడిచే ఇంకో మాట "ఇవన్నీ మామూలే". చేప పోయిందని బాధపడుతున్నవాడికి ఇది మొదట చల్లగానే తగులుతుంది కానీ, ఆ తరువాత కారణం వెదికే పనిని ఆపేస్తుంది, అదే ట్యాంకులోకి అదే జాతి చేప మళ్లీ వచ్చి అలాగే పోతుంది. అక్వేరియంల కోసం అమ్మే సముద్ర చేపలలో ఎక్కువ భాగం ఈనాటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. అలా పుట్టిన చేపలు గుళికల మేతకు అలవాటుపడి ఉంటాయి కాబట్టి కొత్తవారి దెబ్బలలో సగం అక్కడే తప్పుతాయి. అయినా మొదటి చేపగానే టాంగ్ కావాలని పట్టుబట్టేవారికి ఏం చెప్పాలి? దిగులులో ఉన్నవాడికి దొంగచాటుగా గట్టి కోరల్స్ అమ్మజూపేవారి గురించి కూడా ఒక మాట: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి వాటికి మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది, కొంటే కేసు కూడా మీతోపాటు ఇంటికి వస్తుంది.

నా మటుకు నాకు పనికొచ్చింది ఒక నోటుపుస్తకం. తేదీ, ఉష్ణోగ్రత, లవణీయత, ఆల్కలినిటీ (నీటి క్షారత), నైట్రేట్, ఫాస్ఫేట్, ఆ రోజు ట్యాంకులో ఏం మార్చానన్నది అందులో రాస్తాను. ఏదైనా తేడా కనిపించిన రోజు పరీక్షలు చేసి, అంకెలు రాసుకొని, వెనక పేజీలు తిరగేస్తాను. అమ్మోనియా కనబడితేనో, ఊపిరాడక చేపలు పైకి తేలితేనో తప్ప ఆ పూట దేన్నీ ముట్టుకోను. మార్చవలసివస్తే ఒక్కటే మారుస్తాను. ఇంట్లోవాళ్లు "చేపల కోసం ఇంత అవసరమా" అన్నప్పుడు జవాబు చెప్పబోను, ఎందుకంటే వారి ప్రశ్నలోనూ న్యాయం ఉంది.

ఇవన్నీ చేసినా మనసు నిలవకపోతే మానేయడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నిండు ట్యాంకును పట్టించుకోకుండా వదిలేసి రోజుకొక చేపను ఎత్తిపారేసే యజమాని కంటే, బతికున్నవాటిని తెలిసినవారికి అప్పగించి ట్యాంకు విప్పేసిన మనిషి మీద నాకు గౌరవం ఎక్కువ. విశాఖ వెళ్లి సముద్రంలో వదిలేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఎక్కడెక్కడి చేపలనో, వాటి రోగాలనో మన తీరానికి అంటించే హక్కు మనకు లేదు. స్కిమ్మర్ (నీటిలోని మలినాలను నురగగా తీసే యంత్రం), పంపులు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి దాచుకోండి, మళ్లీ పెట్టాలనిపిస్తే కొంత ఖర్చు తగ్గుతుంది. ఆ ఉప్పునీళ్లు మురుగుకాలువలో పోయండి కానీ పెరట్లో మొక్కలకు పోయకండి, ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది.