కుడి కన్ను చేసిన పని

పొద్దున జరిగిన సంగతి. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. నవంబర్ వచ్చింది కదా, మా పెన్షనర్లందరం బతికే ఉన్నామని సర్కారుకు చెప్పుకోవాలి. బ్యాంకుకు వెళ్ళాను.

"అంకుల్, ఫోన్‌లో ముఖం చూపిస్తే అయిపోతుంది" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి, నా ముఖం వంక చూడకుండానే. ఎదురుగా నిలబడ్డ ముఖం పనికి రాదన్నమాట. ఆధార్‌తో చేసే ఈ పద్ధతి ఇష్టమున్నవాళ్ళకేనని కేంద్రం 2021లోనే నిబంధన పెట్టింది. ఆ మాటే అన్నాను. "అవునంకుల్, మీ ఇష్టమే. పక్కన జిరాక్స్ షాపులో చేస్తారు" అన్నాడు.

నాకు సర్కారు జోక్యమంటే పడదు. మా నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో మేం చాయ్ తాగే హోటల్‌లో ఎవరినడిగినా చెబుతారు. 1959లో రాజాజీ, మన రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, ప్రతిదానికీ సర్కారు అనుమతి కావాలనే లైసెన్స్-పర్మిట్ రాజ్యాన్ని ఎట్లా దులిపారో నేను చెప్పని రోజుండదు. సర్కారు దొంగల్ని పట్టాలె, రోడ్లు వేయాలె, మిగతా టైమంతా సప్పుడు చేయకుండా కూర్చోవాలె. "మరి నీ పింఛనో?" అని ఒకాయన ప్రతిసారీ అడ్డం తగులుతాడు. అది వేరే సంగతి.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే బస్సులు కూడా బంద్ పెట్టుకొని తెలంగాణ రాష్ట్రమంతా ఇంట్లో కూర్చున్నాం. 2024 నవంబర్‌లో మళ్ళీ సర్వే. టీచరమ్మ 75 ప్రశ్నల ఫారం పట్టుకొని వచ్చింది. అప్పులెన్ని, ఆస్తులెన్ని, గొర్రెలు బర్రెలు ఎన్ని అని అడిగింది. మా గల్లీలో కోడి కూడా లేదు. బతికే ఉన్నారా అని ఒక్క ముక్క అడిగుంటే అప్పుడే చెప్పేద్దును కదా!

సరే, జిరాక్స్ షాపు. లోపల వెలుతురు చాలదని ఆ పిల్లగాడు నన్ను తెచ్చి రోడ్డు మీద నిలబెట్టాడు. నా వెనక తెల్లగోడ. నా ఎదురుగా వాడు, వాడి చేతిలో ఫోను. వాడి వెనక, సరిగ్గా నా కళ్ళకెదురుగా, బత్తాయిల బుట్ట పెట్టుకొని ఒకామె.

"తాతా, కండ్లు ఆర్పు."

ఆర్పాను. ఇక్కడొక విషయం చెప్పాలి. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి నా ఎడమ రెప్పకు బద్ధకం. కుడి రెప్ప టక్కున పడుతుంది. ఎడమది సగం దాకా వచ్చి, ఇక చాల్లే అని ఆగిపోతుంది. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. కొత్తవాళ్ళకు మాత్రం అది వేరే రకంగా కనపడుతుంది.

"కాలే తాతా, మళ్ళా ఆర్పు."

మళ్ళీ ఆర్పాను. ఫోన్‌లో గుండ్రటి గీత పచ్చగా మారాలట, మారడం లేదు. బత్తాయిలామె తూకం ఆపి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకుందామంటే "కదలకు తాతా, ఇటే చూడు" అని వీడు. ఆమెనే చూస్తూ కన్నార్పాను. ఆమె కొంగు సర్దుకుంది. నా కన్ను మళ్ళీ పడింది.

ఆ స్థితిలో నాకు పుట్టస్వామి గారు గుర్తొచ్చారు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన మనిషి. ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టుకెక్కారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆయనా రిటైరైనాయనే, నేనూ రిటైరైనవాణ్ణే. ఆయన కేసు తొమ్మిది మంది జడ్జీల ముందుకు పోయింది, నా కేసు బత్తాయిల బుట్ట ముందుకు వచ్చింది.

"ఓ పెద్దమనిషీ! పొద్దుగాల్నించి జూస్తున్న. ఏంది ఆ కన్ను గొట్టుడు? ఇంట్ల ఆడోళ్ళు లేరా?"

"సర్కారు కొట్టమందమ్మా" అన్నాను. కంగారులో నోటికి వచ్చిన మాట అదే.

ఆటోవాళ్ళు దిగొచ్చారు. "ఏ సర్కారు అన్నా, రాష్ట్రమా, కేంద్రమా?" అని ఒకడు ఎంతో శ్రద్ధగా అడిగాడు. కేంద్రం అన్నాను. పెన్షనిచ్చేది వాళ్ళే కాబట్టి నిజమే చెప్పాను, అయినా ఎందుకో అందరూ నవ్వారు. పిల్లగాడు ఫోను తిప్పి ఆమెకు చూపించేదాకా ఆమె చేతిలో తూకం రాయి అట్లాగే ఉంది.

ఎట్లాగో అయింది. పిల్లగాడికి యాభై రూపాయలు. మొహమాటానికి మూడు కిలోల బత్తాయిలు కొన్నాను. ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు ఆమె.

రామగిరిలో ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. వార్త నాకన్నా ముందే వచ్చినట్టుంది. సంచీ వైపు కూడా చూడలేదు.

"చుక్కల మందు ఏసుకోమంటే ఇనవు. ఏ కన్నట, కుడిదా ఎడమదా?"