టర్కీ ఇల్లు అంటే ఏ ఇల్లు?

టర్కీలో భూమి కంపించినప్పుడల్లా ‘పాత ఇళ్లే నయం’ అనే మాట పైకొస్తుంది. 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపంలో దానికి రుజువు కూడా దొరికింది. గోల్జుక్ వైపు కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కుప్పకూలాయి. వాటి పక్కనున్న పాత కలప ఇళ్లు చాలావరకు పెచ్చులూడి నిలబడ్డాయి.

ఆ కట్టుబడిని ‘హిమిష్’ అంటారు. గుంజలు, అడ్డ దూలాలు, ఏటవాలు కర్రలు కలిపి ముందు చట్రం ఎత్తుతారు. ఖాళీల్లో పచ్చి ఇటుకో రాయో కూరుతారు. భూమి ఊగితే మేకులు కొట్టిన అతుకులు కాస్త కదులుతాయి, పూత రాలుతుంది, అక్కడక్కడ ఇటుకలూ జారిపోతాయి. కప్పు బరువు మోసేది చట్రం కాబట్టి ఇల్లు మాత్రం మీద పడదు. 1994లో యునెస్కో జాబితాకెక్కిన సఫ్రాన్‌బోలు పట్టణం ఇళ్లు ఈ తరహావే: కింద రాతి గోడ, పైన వీధి మీదికి పొడుచుకొచ్చిన గది, గదులన్నీ తెరుచుకునే ‘సోఫా’. మనం కూర్చునే సోఫా కాదు, అక్కడ నడిమి హాలు పేరే అది.

చిక్కల్లా ఈ ఇంటినే ‘టర్కీ ఇల్లు’గా చూపించడంతో వచ్చింది. వాస్తుశిల్పి సెదాద్ హక్కి ఎల్దెమ్ సోఫా ఎక్కడుందన్న దాన్ని బట్టి ఇళ్లను వర్గీకరించాక ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. అడవి లేని చోట ఈ ఇల్లు ఎక్కడిది? ఆగ్నేయ టర్కీలోని హర్రాన్‌లో దూలానికి కర్ర దొరక్కే ఇటుకలను వరుస వరుసకీ లోపలికి జరుపుతూ పుట్టల్లాంటి కప్పులు లేపారు. అటువైపే ఉన్న మార్దిన్ పట్టణంలో అంతా సున్నపురాయి.

తూర్పు పల్లెల్లో మట్టి కప్పు. రాయలసీమ మట్టిమిద్దె ఎరిగినవాళ్లకు అది కొత్తేమీ కాదు. కురిసినప్పుడల్లా పైన రాతి రోలర్ దొర్లిస్తారు, కారితే ఇంకో పొర మట్టి వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ బరువు పెరుగుతుంది, గోడ మాత్రం అదే. 2010 మార్చిలో ఎలాజిగ్ భూకంపంలో ఇలాంటి పల్లె ఇళ్లే పదుల ప్రాణాలు తీశాయి. అప్పటి ప్రధాని ఎర్దోగన్ నేరం పచ్చి ఇటుక మీద వేశారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో టర్కీలో 50 వేల మందికి పైగా చనిపోయినప్పుడు కూలినవాటిలో బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు కోకొల్లలు.

రాతి గోడైనా మట్టి గోడైనా మధ్యమధ్య అడ్డంగా కర్ర పట్టీలు వేసే పద్ధతి కూడా అనతోలియాదే, అంటే టర్కీలోని ఆసియా భాగానిదే. ‘హతిల్’ అంటారు. గోడ చీలకుండా పట్టి ఉంచేది అదే. కర్ర ఖరీదైపోయిన పల్లెల్లో మొదట మానేసిందీ దాన్నే.