కొండగుర్తులు నమ్మకాలట!

మొన్న విశాఖ బీచ్ రోడ్డులోని ఒక పెద్ద హోటల్లో తీర పరిరక్షణ మీద సభ జరిగితే వెళ్లాను. పొద్దున్నుంచీ తెర మీద ఉపగ్రహ చిత్రాలే. పెదజాలారిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు భోజనాల ముందు అయిదు నిమిషాలు విదిలించారు. ఆయన ప్రసంగానికి ఆహ్వానపత్రంలో పెట్టిన పేరు ‘మత్స్యకారుల నమ్మకాలు’. నాకు ఒళ్లు మండింది.

భోజనాల బల్ల దగ్గర ఆయన పక్కనే కూర్చుని, నడిసముద్రంలో చోటు ఎలా పోల్చుకుంటారని అడిగాను. ఉప్పు సీసా, దాని వెనక మంచినీళ్ల గ్లాసు పెట్టారు. ‘‘ఇది డాల్ఫిన్ నోస్ కొన, బాబూ. వెనకది ఇంకో కొండ. రెండూ ఇలా కలిశాయంటే మనం ఈ గీత మీద ఉన్నట్టు.’’ మరోవైపు ఊరగాయ గిన్నె, చెంచా. ‘‘అటు సింహాచలం కొండ.’’ రెండు గీతలూ కలిసే చోట వేలు ఆనించారు. ‘‘ఇక్కడ అడుగున రాయి ఉంటుంది. రాయి ఉంటే చేప ఉంటుంది.’’ ఒడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ పొట్టి కొండలు ముందు మునుగుతాయి, ఎత్తువి ఆఖరున. దాన్నిబట్టి దూరం లెక్క. మనం బడిలో స్కేలు పెట్టి గీసినదే, ఆయన ఊగే తెప్ప మీద కంటితో గీస్తారు. ఇందులో నమ్మకం ఎక్కడుంది?

ఉపగ్రహాన్ని తీసిపారేయడం లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ పైనీటి వేడి, రంగు చూసి చేపలు దొరికే చోట్లు చెబుతుంది. వేటగాళ్లూ వాడుకుంటున్నారు. మబ్బు కమ్మితే నీటి రంగు దానికి ఆనదు. మంచు పడితే ఈయనకు కొండలూ ఆనవనుకోండి. మరి ఒకటి శాస్త్రం, రెండోది నమ్మకం ఎలా అయ్యాయి?

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలి, స్థానికుల పరిజ్ఞానాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. మంచిదే. అయితే ఆ రాళ్ల చోట్లు అచ్చు వేసి పంచితే తెల్లారేసరికి అక్కడ మరబోట్లు బారులు తీరతాయి. అది తండ్రి కొడుక్కి ఇచ్చే ఆస్తి. ఏది రాయాలో, ఏది దాచుకోవాలో తేల్చాల్సింది వాళ్లు. సభలో ఆ ఊసే లేదు.

ఒడ్డున అపార్టుమెంట్లు లేచి పాత తాటిచెట్లు, గుడి గోపురాలు కనిపించకుండా పోయాయి కదా, గుర్తులెలా అని అడిగాను. ఆయన నవ్వారు.

‘‘ఈ హోటలు కూడా గుర్తే, బాబూ. పైనున్న ఎర్రదీపం రాత్రి వేటకు బాగా పనికొస్తుంది. కూల్చేటప్పుడు మాత్రం ముందు ఒక మాట చెప్పమనండి.’’